ఇటుక రంగు వచ్చేదాకా

పొద్దున షట్టరు ఎత్తగానే కోడలు ముందు కంప్యూటరు వైపు చూడదు, కౌంటరు మీదున్న స్టాప్లర్ వైపు చూస్తుంది. అది ఎర్ర స్టాప్లర్. ఎర్రగా కనిపిస్తే అత్తగారి మనసు బాగున్నట్టు. గులాబీ రంగుకి దిగితే ఇంట్లో ఎవరో ఏదో అన్నట్టు. బూడిద రంగులో ఉంటే ఆ రోజుకి ఫోటోల పని పెట్టుకోకూడదు, జెరాక్సులతో సరిపెట్టుకోవాలి.

పెద్దావిడకి కోపం వస్తే ఆవిడున్న చోట ఎరుపు తగ్గిపోతుంది. పుట్టినప్పటినుంచీ అంతే. వీధిలో అందరికీ తెలుసు. కొందరి ఇళ్ళలో కుళాయి సరిగా రాదు, కొందరి ఇళ్ళలో వానకి తలుపు బిగుసుకుపోతుంది, వీళ్ళ ఇంట్లో ఎరుపు నిలవదు. పక్క కొట్టు దర్జీకి మాత్రం కాస్త ఇబ్బంది. రెండు కొట్లకీ మధ్య ఉన్నది పల్చటి చెక్కగోడ. అతను మెడలో టేపుతో వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"పెద్దమ్మగారూ, ఓ పావుగంట శాంతించండి. ఎర్ర దారమేదో తెల్ల దారమేదో తెలియడం లేదు."

"నా కత్తెర పట్టుకెళ్ళి మొండి చేసి తెచ్చినప్పుడు తెలియలేదా?"

"అది నా పెళ్ళికి ముందు సంగతండీ. ఇప్పుడు నాకు అల్లుడొచ్చాడు."

"అల్లుడొస్తే కత్తెరకి పదునొస్తుందా?"

ఆవిడ మర్చిపోయే మనిషి కాదు. ఆ షాపు ఆవిడ భర్త పెట్టింది. కెమెరాల్లో రీళ్ళు వేసే రోజులనుంచీ ఫోటోల అంచులు కోసేది ఆవిడే. ఇప్పటికీ కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, బ్లేడు బల్ల ముందు పెట్టుకుని, ప్రింటరులోంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ కోసేది ఆవిడే. అంచు వెంట్రుకవాసి వంకర పోయినా చింపి పారేసి మళ్ళీ తియ్యమంటుంది. కోడలు కాపురానికొచ్చిన కొత్తలో గది ఊడుస్తూ ఆ కుర్చీని కిటికీ దగ్గర్నుంచి బీరువా పక్కకి జరిపింది. ఊడ్చాక మళ్ళీ జరిపి ఉంటే ఏ గొడవా లేకపోను. జరపలేదు. అదిగో, ఆ కుర్చీ తగువు ఇప్పటికీ నడుస్తోంది. ఇద్దరూ పని మాటలు తప్ప మాట్లాడుకోరు. "కోసేయండి." "కోశాను." అంతే.

ఆ ఇంటి కొడుకు గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. కరిగిన గాజు చిందిపడి కుడిచెయ్యి మోచేతినుంచి మణికట్టు దాకా కాలిపోయింది. పైన చర్మం పట్టిందన్న మాటే గానీ అది చర్మంలా లేదు. ఎర్రగా, నున్నగా, సాగదీసిన రబ్బరులా ఉంటుంది. కాస్త సెగ తగిలితే చాలు, పగిలి నీరు కారుతుంది. కొలిమి దగ్గరికి పంపకుండా ప్యాకింగు గదిలో పని ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు. ఇవ్వకపోతే సోమవారం మళ్ళీ కొలిమి ముందు నిలబడాలి. నిలబడితే ఆ చెయ్యి మిగలదు. ఈ ముక్క చదువు లేనివాళ్ళకి కూడా అర్థమవుతుంది.

ఫ్యాక్టరీలో దీనికంతా గాయాల ఆఫీసని ఒకటుంది. ఆ ఆఫీసులో గాయాన్ని చూడరు, గాయం ఫోటో చూస్తారు. మనిషిని చూస్తే జాలి కలుగుతుందట, జాలి కలిగితే నిర్ణయం చెడుతుందట. అందుకని కలరు ప్రింటు ఒకటి జతపరచాలి, రంగు అసలుకి సరిగ్గా సరిపోవాలి అని రూలు. ఆ రూలు రాసినవాడికి జన్మలో వేలు కూడా కాలి ఉండదు.

ఫోటో తియ్యడం ఎంతసేపు? కోడలే తీసింది. కంప్యూటరులోకి ఎక్కించింది. ఆ రోజు పెద్దావిడ కోపంగా ఉంది. కొడుకు చెయ్యి కాలినప్పటినుంచీ ఆవిడ కోపంగానే ఉంది. ఫ్యాక్టరీ మీద, కొలిమి మీద, కొడుకుకి ఆ పని ఇప్పించిన కోడలి తమ్ముడి మీద. మామూలు రోజుల్లో అయితే కోడలు అలవాటు మీద నెట్టుకొచ్చేది, గదిలో ఎంత ఎరుపు తగ్గిందో కళ్ళతోనే లెక్క వేసుకునేది. కానీ ఇది మొగుడి చెయ్యి. అలవాటుని నమ్మబుద్ధి కాలేదు.

"ఏమండీ, ఇలా వచ్చి స్క్రీను పక్కన చెయ్యి పెట్టండి."

అతను స్టూలు మీద కూర్చుని చెయ్యి పెట్టాడు. గదిలో ఎరుపు తగ్గితే చేతికీ తగ్గుతుంది, స్క్రీనుకీ తగ్గుతుంది, రెండూ పక్కపక్కన పెట్టి సరిచూస్తే తప్పు రాదు అని ఆమె లెక్క. లెక్క బాగానే ఉంది. స్క్రీను మీద చెయ్యి పాలిపోయి కనిపించింది. ఎరుపు పెంచి తగ్గించే గీతని మౌసుతో పట్టుకుని కుడివైపుకి జరిపింది, ఇంకా జరిపింది. స్క్రీనూ చెయ్యీ ఒకటయ్యాయి. ప్రింటు తీసింది, చేతి పక్కన పెట్టింది. ఒకటే. పెద్దావిడ అంచులు కోసింది. కవరులో పెట్టి పంపించారు.

కవరు తిరిగొచ్చింది. దాంతో ఒక చీటీ. 'రంగు పులిమిన ఫోటో. అంగీకరించడమైనది కాదు.' కింద ఎర్ర ముద్ర.

"పులిమానా? నేనా?" అంటూ కోడలు ఆ ప్రింటు పట్టుకుని వీధిలోకి వచ్చింది. వెనకాలే మొగుడు. ఎండలో చెయ్యి పక్కన పెట్టి చూస్తే ప్రింటులో చెయ్యి టమాటా గుజ్జులో ముంచి తీసినట్టుంది. చూడడానికే సిగ్గేసింది. లోపలికి తీసుకెళ్తే మళ్ళీ సరిపోయింది. బయటికి తెస్తే మళ్ళీ టమాటా. దర్జీ తన గుమ్మంలోంచి చూస్తూ అన్నాడు.

"లోపలా బయటా చెయ్యి మారడం లేదమ్మాయ్. ఫోటో మారుతోంది."

అప్పుడు తెలిసింది. పెద్దావిడ కోపం గదిలో ఉన్న అన్నింటి ఎరుపూ లాగుతుంది గానీ కొడుకు చేతి జోలికి పోదు. కోడలు ప్రింటుని తిరిగి కవరులో పెట్టేసింది. తల్లి కదా, ఏమంటుంది.

మర్నాడు రంగులు కొలిచే మెషీనాయన్ని పిలిపించింది. అతను స్క్రీనుకి ఏదో గుండ్రటి యంత్రం అతికించి, గదంతా ఓసారి చూశాడు.

"ఇక్కడ వెలుతురు ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అండీ?"

"వెలుతురు సంగతి కాదు. మా అత్తగారు ఎప్పుడూ ఇలాగే ఉంటారు."

"అయితే ఫర్వాలేదు."

కిటికీ దగ్గర్నుంచి పెద్దావిడ గట్టిగా దగ్గింది. యంత్రం మీద లైటు ఓసారి అదిరింది. "పెద్దమ్మగారూ, పెంచకండి. ఉన్నచోటే ఉండండి," అన్నాడు అతను, మేకు కొడుతూ నిచ్చెన పట్టుకోమన్నట్టు. కొలవడం అయ్యాక వైర్లు చుట్టుకుంటూ చెప్పాడు. "ప్రింటరు తప్పేమీ లేదు, మీరు పంపింది పంపినట్టు వేస్తోంది. మీ కళ్ళ ముందున్న స్క్రీనే అబద్ధం చెబుతోంది. ఈ కోపానికి ఎంత ఎరుపు పోతోందో అంతా కలిపి పెట్టాను. ఇక చెయ్యి చూసుకుంటూ స్క్రీను సరిచేసుకోండి. ప్రింటు మాత్రం ఈ గదిలో పాలిపోయినట్టు ఉంటుంది, కంగారుపడొద్దు, వీధిలోకి వెళ్తే సరిపోతుంది." గుమ్మం దాటబోతూ ఆగి కౌంటరు వైపు వేలు చూపించాడు. "అదుగో, ఆ స్టాప్లర్ ఇప్పుడు గులాబీకీ బూడిదకీ మధ్య, వెలిసిన ఇటుక రంగులో ఉంది. ఆ రంగు దగ్గర ఉంటేనే నా లెక్క. ఎక్కువ తక్కువలైతే నాది పూచీ కాదు."

ఇంత బాగా చెప్పి వెళ్ళాడా, సరిగ్గా ఆ తర్వాత ప్రింటు తీద్దామని కూర్చున్న పొద్దునే కొడుకు చొక్కా గుండీలు తనంతట తాను పెట్టుకున్నాడు. గాయమయ్యాక అదే మొదలు. వణికే వేళ్ళతో పెట్టుకున్నాడు, పై గుండీ కింది కాజాలో పెట్టుకున్నాడు, అయినా పెట్టుకున్నాడు. తల్లి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏడ్చినట్టుంది, వంకర," అంది పెద్దావిడ. అని నవ్వింది. ఆవిడ నవ్వడం చూసి కోడలు కూడా నవ్వింది. ఆ సంతోషంలో స్టాప్లర్ వంక చూసినవాళ్ళు లేరు. చూసి ఉంటే అది నిగనిగలాడే ఎరుపులో ఉంది.

కోపానికి సరిచేసిన స్క్రీను సంతోషంలో మరీ ఎర్రబడింది. కోడలు చెయ్యి చూసింది, స్క్రీను చూసింది, ఎరుపు గీతని ఎడమకి లాగింది. సరిపోయేదాకా లాగింది. వచ్చిన ప్రింటు పాలిపోయి ఉంది. పాలిపోతుందని మెషీనాయన ముందే చెప్పాడుగా, అనుకుంది. గడువు ముంచుకొచ్చింది. వీధిలోకి పట్టుకెళ్ళి చూడకుండానే కవరులో పెట్టేసింది. ఆ ఒక్క పనీ చేసి ఉండాల్సింది.

ఈసారి చీటీ ఇంకా పొట్టిగా ఉంది. 'గాయం మానిపోయినది.' ఎర్ర ముద్ర. ఆఖరిసారి ఇంకో ఫోటో పెట్టుకోవచ్చు, లేకపోతే సోమవారం కొలిమి.

ఆ మాట విన్నాక పెద్దావిడ కుర్చీలో కూలబడింది. "నేను నవ్వకుండా ఉండాల్సింది," అంది. ఆవిడలో కోపం పోయి బాధ వచ్చింది. బాధకి ఎరుపుతో పని లేదు. స్టాప్లర్ ఎర్రగా, ఎవడూ ముట్టుకోని బొమ్మలా కౌంటరు మీద కూర్చుంది. మెషీనాయన వేరే పని మీద పొరుగూరు వెళ్ళాడు, ఫోను ఎత్తడు. ఉన్నది ఒక్క రోజు.

కోడలు చెక్కగోడ మీద తట్టి దర్జీని పిలిచింది. గుసగుసగా ఏదో చెప్పింది. తర్వాత లోపలికొచ్చి, పెద్దావిడ నీళ్ళు తాగడానికి లేచిన సందు చూసి, కుర్చీని కిటికీ దగ్గర్నుంచి బరబరా ఈడ్చి బీరువా పక్కన పెట్టింది.

పెద్దావిడ వచ్చి చూసింది. స్టాప్లర్ కొంచెం గులాబీ అయింది. కానీ ఆవిడ ఏమీ అనకుండా వెళ్ళి బీరువా పక్కనే కూర్చుంది. గులాబీ పోయింది.

దర్జీ వచ్చాడు. "పెద్దమ్మగారూ, మీ కత్తెర ఓసారి ఇస్తారా? రేకు కత్తిరించాలి."

"తీసుకెళ్ళు."

దర్జీ బిక్కమొహం వేసి కోడలి వైపు చూశాడు. కోడలు ఒక పాత ప్రింటు తీసుకుని, పెద్దావిడ బ్లేడు బల్ల మీద పెట్టి, కావాలని ఏటవాలుగా కోసింది. కర్రుమని చప్పుడయింది. పెద్దావిడ తలెత్తింది.

"ఏం నాటకమిది?"

కోడలు ఇంకో ప్రింటు అందుకుంది.

"నిన్నేనమ్మాయ్. ఒకరు కుర్చీ ఈడుస్తారు, ఒకరు రేకు కోస్తానంటారు. నాకు కోపం తెప్పించాలని చూస్తున్నారా?"

"అవునత్తయ్యా," అంది కోడలు. "ఇటుక రంగు వచ్చేదాకా కోపం కావాలి. అది లేకపోతే ఈ స్క్రీను నాకు నిజం చెప్పదు. ఆయన చెయ్యి పోతుంది. నాకింకో దారి తెలియలేదు."

పెద్దావిడ చాలాసేపు కోడలి మొహం చూసింది. ఆ మొహాన్ని అంత సూటిగా చూసి ఎన్నేళ్ళయిందో.

"బుద్ధి లేకపోతే సరి. నాకు కోపం తెప్పించడానికి నువ్వూ, ఈ మొండి కత్తెరవాడూ సరిపోతారా? ఆ చీటీలు పట్రా."

"చదివి వినిపించానుగా అత్తయ్యా."

"మళ్ళీ చదువు. మెల్లగా చదువు. నాకు అక్షరం రాదు గానీ చెవులున్నాయి."

కోడలు చదివింది. "రంగు పులిమిన ఫోటో."

"పులిమారట. మా ఇంట్లో రంగు పులిమే అలవాటు ఎవరికుందట? ఆయన ఈ షాపు నడిపినన్నాళ్ళూ ఒక్క మొహం తెల్లగా చెయ్యలేదు, ఒక్క మొహం నల్లగా చెయ్యలేదు. ఉన్నది ఉన్నట్టు తీశాడు. అందుకే కొట్టు ఇంతకన్నా పెద్దది కాలేదు. ఊఁ, చదువు."

స్టాప్లర్ గులాబీ రంగుకొచ్చింది.

"గాయం మానిపోయినది."

"ఎవరికి మానింది? ఆ ముద్ర వేసినవాడికి మానిందా? రాత్రి దుప్పటి పుండుకి అంటుకుని వీడు పళ్ళు కొరుక్కుంటుంటే పక్కగదిలో నాకు వినపడుతుంది. వాడికి వినపడుతుందా?"

"అత్తయ్యా, ఆగండి! ఇటుక రంగు వచ్చింది. అక్కడే ఉంచండి."

"ఉంచడం అంటే స్టవ్వు అనుకున్నావా?"

"మీ దయ, పెంచకండి. పాలిపోతోంది... కొంచెం తగ్గించండి."

పెద్దావిడ బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, నిండు బిందె నెత్తి మీద పెట్టుకున్న మనిషిలా బిగుసుకుని కూర్చుంది. కోపాన్ని పోనివ్వలేదు, పొంగనివ్వలేదు. నుదుటి మీద చెమట పట్టింది. దర్జీ స్టాప్లర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెబుతున్నాడు. "ఇటుక... ఇటుకే... కాస్త ఇవతలికి... ఆఁ, ఇటుక." కొడుకు స్క్రీను పక్కన చెయ్యి పెట్టాడు. కోడలు గీత జరిపింది, ఆపింది, ఓ పిసరు వెనక్కి లాగింది. ప్రింటరు గురగురలాడుతూ కాగితాన్ని బయటికి తోసింది.

"అయిందా?"

"అయిందత్తయ్యా."

ఆవిడ కళ్ళు తెరిచి, ప్రింటు తీసుకుని, అంచులు కోసింది. నలుగురూ వీధిలోకి వెళ్ళి ఎండలో చూశారు. చెయ్యీ ఫోటో పక్కపక్కన ఉంటే ఏది కాగితమో ఏది ఒళ్ళో తెలియలేదు. కొడుకు తల తిప్పుకున్నాడు. తన చెయ్యి అలా ఉందని అతనికీ అప్పుడే తెలిసినట్టుంది.

"పదండి," అంది పెద్దావిడ. "ఈసారి కవరు లేదు. నేనే ఇస్తాను."

గాయాల ఆఫీసు గుమ్మంలో ప్యూను అడ్డొచ్చాడు. గాయపడినవాళ్ళు లోపలికి రాకూడదన్నాడు.

"నాకేం గాయమైంది? తప్పుకో."

కొడుకు తలుపు బయటే ఆగిపోయాడు. అది అద్దాల తలుపు. ఆ అద్దం కూడా వాళ్ళ ఫ్యాక్టరీదే.

ముద్రల ఆఫీసరు మర్యాదగా ఉన్నాడు. ఇలాంటివాళ్ళు మర్యాదగానే ఉంటారు. తిప్పికొట్టినవి కూడా జతపరచాలని రూలు కాబట్టి కోడలు తెచ్చిన మూడు ప్రింట్లూ టేబులు మీద వరసగా పరిచాడు. ఒకటి టమాటాలా, ఒకటి పాలిపోయి, ఒకటి సరిగ్గా.

"ఒకే చెయ్యి మూడు రంగుల్లో ఉందమ్మా. ఏది నమ్మమంటారు?"

"మూడోది నిజం సార్," అంది కోడలు. "చెయ్యి తలుపు బయటే ఉంది. పక్కన పెట్టి చూడండి."

"చెయ్యి చూడడం రూల్లో లేదు."

"మరి సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"మూడుసార్లు మారింది కదా. మారిందంటే అనుమానం. అనుమానమంటే..." అంటూ ఎర్ర సిరా డబ్బా మూత తీశాడు. ఆ ఆఫీసులో కొట్టేసిన కాగితానికి ఎర్ర ముద్ర, ఒప్పుకున్న కాగితానికి నీలం ముద్ర. నీలం డబ్బా మీద దుమ్ము పేరుకుపోయి ఉంది.

పెద్దావిడ ఆ దుమ్ము చూసింది. అరవలేదు. పొద్దుటినుంచీ బిగబట్టి ఉంచిన బిందెని నెత్తి మీదనుంచి దించేసింది, అంతే.

గోడకి తగిలించిన మంటలార్పే సిలిండరు తెల్లబడింది. ప్యూను టోపీ మీద పట్టీ బూడిదయింది. ఆఫీసరు పెదాలు సున్నం కొట్టినట్టయ్యాయి. టేబులు మీద మూడు ప్రింట్లూ ఒకే రంగుకి వచ్చాయి, మూడూ బూడిదే. ఆయన ముద్ర తీసి కాగితం మీద గట్టిగా వేశాడు. కాగితం తెల్లగానే ఉంది. మళ్ళీ వేశాడు. డబ్బాలో నొక్కి మళ్ళీ వేశాడు. నొక్కిన గుంట తప్ప ఏమీ పడలేదు.

"ఇదేంటి?"

"ఎరుపు లేదండీ," అన్నాడు ప్యూను వినయంగా. "ఆవిడకి కోపమొచ్చినట్టుంది. నీలం ఉందండీ."

"రేపు వేద్దాం."

"ముద్ర లేకుండా కాగితం టేబులు మీద నిలవ ఉండకూడదని తమరే రాయించారండీ."

ఆఫీసరు ఎరుపు కోసం గదంతా చూశాడు. సొరుగులో చూశాడు, పెన్నుల డబ్బాలో చూశాడు. ఎక్కడా చుక్క లేదు. తలెత్తితే అద్దాల తలుపు అవతల ఒక ఎరుపు కనిపించింది. ఆ ఆఫీసు మొత్తం మీద మిగిలింది అదొక్కటే. కొడుకు గుండీలు వంకరగా పెట్టుకుని, చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చూడకూడదనుకున్నా ఆఫీసరు కళ్ళకి వేరే చోటు లేకపోయింది. సాగిన చర్మం, పగుళ్ళు, మోచేతి దగ్గర ఆరని తడి. చూశాడు. చాలాసేపు చూశాడు.

తర్వాత నీలం డబ్బా దుమ్ము నోటితో ఊది, ముద్ర వేశాడు.

సోమవారం కొడుకు ప్యాకింగు గదిలో చేరాడు. కుర్చీని మళ్ళీ కిటికీ దగ్గర పెట్టింది కోడలే. "నాలుగు వేళ్ళు ఎడమకి," అంది పెద్దావిడ. జరిపింది. "ఆఁ."

వీధిలోకి, షాపులోకి, దర్జీ దారాల్లోకి ఎరుపు తిరిగొచ్చింది. గాయాల ఆఫీసులో ఆ టేబులు మీదికి మాత్రం రాలేదు. కొత్త సిరా తెప్పించారు, కొత్త ముద్ర చేయించారు, పడలేదు. కాళ్ళు కాలినవాళ్ళవీ వేళ్ళు తెగినవాళ్ళవీ కాగితాలన్నీ నీలంగా బయటికొస్తున్నాయి. పెద్దావిడ క్షమించి ఉంటే ఎరుపు ఎప్పుడో వచ్చేది. ఆవిడ కత్తెర సంగతే మర్చిపోని మనిషి.

చివరికి ప్యూను టోపీ చేత్తో పట్టుకుని షాపుకొచ్చాడు.

"పెద్దమ్మగారూ, మా సారు చాలా ఇబ్బంది పడుతున్నారు. రేపు ఆయనే వచ్చి మిమ్మల్ని అడుగుతానన్నారు."

పెద్దావిడ కాగితం అంచుని బ్లేడు కింద సరిగ్గా అమర్చి, కోసి, వెలుతురుకి ఎత్తి చూసుకుంది.

"మనిషి రానక్కర్లేదు," అంది. "మనిషిని చూస్తే జాలి కలుగుతుంది. ఫోటో పంపమను. రంగు మాత్రం అసలుకి సరిగ్గా సరిపోవాలి."